రెండో విమానం

తార్నాక చౌరస్తా దాటాక ఉన్న పెట్రోల్ బంకులో మొన్న స్కూటీకి పెట్రోల్ పోయించుకుంటుంటే, పైపు పట్టుకున్న మల్లేశ్ అడిగాడు.

"మేడమ్, మీ ఇంటి సార్ రావట్లేదేంది? సగం టాంకీ ఉండంగనే ఫుల్ చేయించే సార్?"

"పోయారు మల్లేశ్. నెల దాటింది."

"అరె" అన్నాడు. వెనక ఎవరో హారన్ కొడుతున్నా పైపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "నేనొకసారి అన్న మేడమ్, సార్, సగం ఉన్నది గదా, రేపు కొట్టించుకుందురు అని. 'రేపటి సంగతి నీకెలా తెలుసయ్యా' అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గానీ, మొఖంల నవ్వు లేకుండె."

ఇంటికొచ్చేసరికి కింది వాటా తలుపు తీసే ఉంది. హాల్లో ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మెట్లెక్కకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా వీధిలో ఆయన్ని అందరూ కమాండర్ గారు అనేవారు. నాకు మాత్రం అంకుల్. యూనివర్సిటీ క్యాంపస్‌లో జాగ్రఫీ చెప్పే ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ వాళ్ళ పై వాటాలోనే అద్దెకుంటున్నాను. ఆయనది కాకినాడ వైపు. యుద్ధ విమానాలు నడిపి, వింగ్ కమాండర్‌గా రిటైరయ్యి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మనిషి పొడుగేం కాదు. ఆ ఇరుకు విమానాల్లో పొడుగువాళ్ళకి మోకాళ్ళు విరుగుతాయమ్మా అనేవారు.

కారు తీసే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు. నాలుగు టైర్లకూ వంగి చూపు. బానెట్ మీద అరచెయ్యి వేసి, జ్వరం చూసినట్టు ఒక క్షణం ఆగడం. కూరగాయలకి హబ్సిగూడ దాకా వెళ్ళాలన్నా ఇదే తంతు. ఆంటీ సంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడి, "పైకి లేవదు లెండి, ఎక్కండి" అనేది. ఆయన వినిపించుకునేవారు కారు.

యుద్ధం గురించి అడిగితే విమానం గురించి చెప్పేవారు. నేను గమనించడానికి చాలా రోజులు పట్టింది. డెబ్బై ఒకటో సంవత్సరం యుద్ధంలో మీరు ఎక్కడెక్కడ బాంబులు వేశారని వీధిలో పిల్లలు అడిగితే, "మా హంటర్ ఉండేది చూడండర్రా" అని మొదలుపెట్టేవారు. ఒక్కరే కూర్చునే విమానమట. తొడుక్కున్న చొక్కాలా ఒంటికి పట్టేదట. ముక్కు కింద నాలుగు ఫిరంగులు. అవి పేలుతుంటే కాళ్ళ కింద నేల అదిరి, మూలమూలల దుమ్మంతా లేచి మొహాన పడేదట. లోపల రబ్బరు వాసన, కిరోసిన్ వాసన, మన చెమట వాసన. "రెండు చిన్న దీపాలుండేవి. ఇంధనం తగ్గిపోతే వెలిగేవి. అవి వెలిగాక ఇంక కబుర్లుండవు. ఇంటికి రావడమే" అనేవారు. అక్కడికి కథ అయిపోయేది. పిల్లలకి నిరాశ. ఒక్క శత్రువూ చావలేదు.

ఆయన నడిపిన విమానమే ఇప్పుడు ఉత్తరాదిన ఏదో ఊళ్ళో కూడలి మధ్య దిమ్మె మీద నిలబెట్టి ఉందని పాత స్నేహితుడెవరో ఫోన్లో ఫొటో పంపారు. తోక మీద నంబరు కనబడే దాకా వేళ్ళతో పెద్దది చేసుకుని చూశారు. "ఆవిడే" అన్నారు. విమానాన్ని ఆవిడ అనేవారు. వెళ్ళి చూసొద్దాం అంది ఆంటీ. "తను నన్ను ఇంటికి తెచ్చింది. నేనెవర్ని తెచ్చాను" అని ఫోన్ బోర్లా పెట్టేశారు. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు.

హాల్లో ఒకే ఒక ఫొటో ఉండేది. రెక్క కింద ఇద్దరు కుర్రాళ్ళు. ఒకరు ఆయన. పక్కన సన్నగా, నల్లగా, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నతను జయరాజ్. రామంతాపూర్ అబ్బాయి. అంకుల్‌తో పాటు ఎగిరిన రెండో విమానం అతనిది. యుద్ధంలో ఒకరోజు పొద్దున ఇద్దరూ సరిహద్దు దాటి వెళ్ళారు. ఒకరే తిరిగొచ్చారు.

జయరాజ్ చనిపోయాడని ప్రభుత్వం చెప్పలేదు. గల్లంతు అంది. యుద్ధం అయిపోయి ఖైదీలు తిరిగొచ్చినప్పుడు, అక్కడి జైల్లో హైదరాబాద్ మాట మాట్లాడే పైలట్ ఉన్నాడని ఎవరో అన్నారట. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ ఇల్లు బతికింది. తండ్రి పోయాడు, తల్లి పోయింది. చెల్లెలు సలోమి పెళ్ళి చేసుకోకుండా, బడిలో టీచరుగా చేసి రిటైరయి, అదే ఇంట్లో ఉంటోంది.

కాకినాడలో సొంత స్థలం ఉండగా తార్నాకలో ఎందుకు ఇల్లు కట్టారని నేనోసారి ఆంటీని అడిగాను. "రామంతాపూర్ దగ్గరని" అంది ఆంటీ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఇంకేం చెప్పలేదు.

ప్రతి క్రిస్మస్‌కీ ఆయన ఆ ఇంటికి వెళ్ళేవారు. కంటి ఆపరేషన్ అయ్యాక కారు నేను నడిపాను. అలా ఒకసారి లోపలిదాకా వెళ్ళాను. టీవీ స్టేషన్ వెనక సందులో చిన్న ఇల్లు. గోడ మీద జయరాజ్ ఫొటో. దండ లేదు. సలోమి టీచర్ కేకు, గరిజెలు పెట్టింది. వానలు, మోకాళ్ళ నొప్పులు, చర్చిలో కొత్త ఫాదర్, అన్నీ మాట్లాడుకున్నారు. లేచే ముందు ఆవిడ చీర కొంగు సర్దుకుని, బడిలో పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో అడిగింది.

"అన్నా, ఆ రోజు పారాచూట్ చూసినవా?"

"చూడలేదమ్మా."

"చూడలేదంటే లేదని కాదు గదా."

"కాదమ్మా."

అంతే. ఆవిడ మొహం తేటపడింది. ఆయన చెప్పులేసుకున్నారు. ఏటా ఇదేనట. మొదట వాళ్ళ నాన్న అడిగేవాడట, తర్వాత ఈవిడ. ప్రశ్న మారలేదు, జవాబూ మారలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకుని కూర్చున్నారు.

కిందటి వేసవిలో సరిహద్దు దగ్గర మళ్ళీ ఉద్రిక్తత మొదలైంది. టీవీల్లో గొంతులు చించుకుంటున్నారు. ఊళ్ళో సైరన్లు మోగించి విమాన దాడి వస్తే ఏం చెయ్యాలో నేర్పారు. క్యాంపస్‌లో జెండాలు, నినాదాలు. మాణికేశ్వర్ నగర్ వైపు గేటు దగ్గర కుర్రాళ్ళు బైకుల మీద ఊరేగారు. ఆ వారమంతా అంకుల్ టీవీ పెట్టనివ్వలేదు. వరండాలో కూర్చుని, పైన ఏ విమానం చప్పుడైనా తల ఎత్తకుండా వినేవారు. "ప్రయాణికులది" అనేవారు. లేదా ఏమీ అనేవారు కాదు.

మా డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన చేస్తున్న నవీన్, విద్యార్థి సంఘంలో ఉన్నాడు, నా దగ్గరకొచ్చాడు. "మేడమ్, మీ ఓనర్ సార్‌ని మన ఆడిటోరియంకి తీస్కరావాలె. షాలువ కప్పుతం. యుద్ధం చేసినాయన మన తార్నాకలనే ఉన్నడని ఎవ్వరికీ తెల్వదు."

ఒప్పుకోరనుకుంటూనే అడిగాను. ఆయన గేటు వైపు చూసి, "వస్తాను" అన్నారు. వంటింట్లో ఆంటీ చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

ఆ సాయంత్రం ఆడిటోరియం కిటకిటలాడుతోంది. వేదిక పక్క గదిలోకి వెళ్ళేసరికి అక్కడ సలోమి టీచర్ కూర్చుని ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, ఒళ్ళో జయరాజ్ ఫొటో. పక్కన ఒక టీవీ రిపోర్టరు. గల్లంతైన పైలట్ చెల్లెలు ఈ ఊళ్ళోనే ఉందని తెలుసుకుని అతనే తీసుకొచ్చాడట.

"సార్, సింపుల్" అన్నాడు రిపోర్టరు. "స్టేజీ మీద మేడమ్ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. పారాచూట్ ఉండి ఉండొచ్చు అని మీరంటే చాలు. ఇప్పుడున్న వేడికి దేశమంతా చూస్తుంది."

అంకుల్ అతని వైపు చూడలేదు. సలోమి టీచర్ లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ఒక్క మాట. పొగల కనపడలే, ఉంటే ఉండొచ్చు అను. సర్కారోళ్ళు మళ్ళ ఆరా తీస్తరట. నాకు డెబ్బై దాటినయ్. నేను పోతే మావోణ్ణి అడిగేటోళ్ళు ఎవరుంటరు?"

నేను మంచినీళ్ళ గ్లాసు అందిస్తే ఆయన పట్టుకున్నారు, తాగలేదు. ఈలోగా నవీన్ వచ్చి పిలిచాడు.

షాలువ కప్పారు. ఈలలు, నినాదాలు. ఆయన మైకు ముందు నిలబడి అవి తగ్గేదాకా ఆగారు. ఎప్పటిలాగే విమానంతో మొదలుపెట్టారు. ఫిరంగులు, దుమ్ము, రెండు దీపాలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో రిపోర్టరు చెయ్యి ఊపాడు. ఎవరో సలోమి టీచర్ చేతిలో మైకు పెట్టారు. ఆవిడ నిలబడింది.

"అన్నా, ఆ రోజు పారాచూట్ చూసినవా?"

"చూడలేదమ్మా."

ఆవిడ తర్వాతి మాట అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. ఇన్నేళ్ళలో అలా ఆపడం అదే మొదలు.

"చూడలేదంటే... నేను వెనక్కి తిరగలేదమ్మా."

ఆయన మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగారు.

"ఇద్దరం వెళ్ళాం. రైల్వే యార్డు మీదికి. ఒక్కసారి కొట్టి వచ్చెయ్యాలి, అదీ పద్ధతి. సగం వ్యాగన్లే అంటుకున్నాయి. ఇంకోసారి వెళ్దాం అన్నాను. పెద్దవాణ్ణి నేను, చెప్పాల్సింది నేను. వాడు సరేనన్నాడు. రెండోసారికి కింద తుపాకుల వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. రేడియోలో నా పేరు పిలిచి, నాకు తగిలింది అన్నాడు. తర్వాత ఇంకేం లేదు. అప్పటికే నా దీపాలు రెండూ వెలుగుతున్నాయి. ఒక్క చుట్టు తిరిగి చూస్తే తెలిసేది. పారాచూట్ ఉందో, లేదో. నేను తిరగలేదు. మెడ కూడా తిప్పలేదు. తిప్పితే కనబడుతుంది. కనబడితే వెళ్ళాల్సొస్తుంది. వెళ్తే ఇంటికి రాను. పై అధికారి అడిగితే, పారాచూట్ కనబడలేదు సార్ అన్నాను. అబద్ధం కాదు. చూడనివాడికి ఏం కనబడుతుంది?"

రిపోర్టరు కూర్చున్న చోటి నుంచే అరిచాడు. "అంటే ఉండి ఉండొచ్చు కదా సార్?"

"ఉండొచ్చు. ఉండకపోవచ్చు. నాకు తెలీదు. తెలుసుకోగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. తెలుసుకోలేదు."

వెనక వరసల్లోంచి ఎవరో, "గీయనకా షాలువ!" అన్నారు. ఇంకెవరో నవ్వారు. నవీన్ తల దించుకున్నాడు. అంకుల్ షాలువ తీసి, మడత పెట్టి, మైకు పక్కన బల్ల మీద పెట్టారు. కోపంగా కాదు. బట్టల అంగడిలో వద్దనుకున్నది తిరిగి ఇచ్చినట్టు.

సలోమి టీచర్ మైకు కుర్చీలో పడేసి బయటికి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. గుల్‌మొహర్ చెట్ల కింద ఆగి, నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు. ఎవరూ రావద్దు." ఆయాసపడుతోంది. "మా బాపు సచ్చేదాక తలుపుకు గొళ్ళెం పెట్టనియ్యలే, ఎరికేనా? రాత్రి వస్తే వాడు బయట నిలబడతడని. ఈయన ఏటా వచ్చి మా ఇంట్ల కేకు తిన్నడు."

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ మాటల వీడియో రెండు రోజుల్లో అందరి ఫోన్లలోకీ వెళ్ళింది. కింద రాసిన వాటిని నేను ఆయనకి చూపించలేదు గానీ ఆయనకి తెలుసు. పొద్దున క్యాంపస్‌లో నడకకి వెళ్తే, ఎప్పుడూ సెల్యూట్ కొట్టే పెద్దమనిషి ఒకాయన ఫోన్ చూసుకుంటూ పక్కకి తిరిగాడు. వీధిలో కొత్తగా వచ్చిన కుర్రాడొకడు బండి మీద పోతూ ఏదో అరిచాడు. మాట వినబడలేదు. వాటం తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం అదే వేళకి బయల్దేరేవారు, అదే దారిలో నడిచేవారు.

"మీకు తెలుసా ఆంటీ?" అని అడిగాను ఒకరోజు.

"పెళ్ళికి ముందే చెప్పారు. ఇదీ సంగతి, ఇష్టమైతేనే చేసుకో అన్నారు." ఆంటీ ఆయన గది వైపు చూసింది. "ఎప్పుడూ లేనిది మొన్న మధ్యాహ్నం కునుకు తీశారమ్మా. గురక కూడా పెట్టారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను."

ఆయన ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. గేటు చప్పుడైతే చాలు, భుజాలు బిగుసుకునేవి. సలోమి టీచర్ ఫోన్ ఎత్తడం లేదు. నేను రామంతాపూర్ వెళ్తే, తలుపు తియ్యకుండానే, "ఇప్పుడు గాదమ్మా, పో" అంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆంటీ మెట్ల దగ్గర నుంచి పిలిచింది. గొంతులో భయం. కిందికి వచ్చేసరికి హాల్లో సలోమి టీచర్ కూర్చుని ఉంది. తడిసిన గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకుంది. ఎదురుగా అంకుల్, బనీను మీద హడావిడిగా చొక్కా తొడుక్కున్నట్టున్నారు, గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. నేను గోడ పక్కన నిలబడ్డాను.

"తిట్టడానికే వచ్చిన" అంది ఆవిడ. "బస్సుల కూసొని అన్నీ అనుకున్న. ఇంటి ముంగట దిగంగనే మర్చిపోయిన."

"తిట్టమ్మా."

"తిడితే ఏమొస్తది?" కొంగుతో మొహం తుడుచుకుంది. వాన నీళ్ళో, మరేమిటో. "నేను ఒకటే మాట అడుగుతుంటి, నువ్వు ఒకటే మాట చెప్తుంటివి. ఇంకో మాట అడిగితే వాడు సచ్చినట్టయితదని భయం. ఇంతవరకు వాని గురించి నిన్ను ఇంకేం అడగలే నేను. ఇప్పుడు అడుగుతున్న. ఆ పొద్దున మావోడు ఏం తిన్నడు?"

అంకుల్ కుర్చీలో ముందుకి జరిగారు.

"ఉడకబెట్టిన గుడ్లు. టీ. పచ్చసొన నాకు పడేసి తెల్లది తినేవాడు."

"చిన్నప్పటి నుంచి గంతే."

"చలి. వాడి మఫ్లర్ ఎవరో పట్టుకుపోయారు. నాది తీసుకున్నాడు. గడ్డం గీసుకుంటుంటే ఇక్కడ తెగింది." చుబుకం తాకి చూపించారు. "మా ఊళ్ళో అయితే క్రిస్మస్‌కి కూడా ఐస్ గోలా తింటం సార్, ఇదేం దేశం సార్ అన్నాడు."

ఆవిడ నవ్వింది. పెద్దగా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చింది. ఆంటీ కదలబోతే అంకుల్ వద్దన్నట్టు చూశారు. ఏడుపు ఆగాక ఆవిడ ఒకటొకటే అడిగింది. ఎక్కేటప్పుడు నిచ్చెన మీద నుంచి ఏమన్నాడు. శిలువ గుర్తు వేసుకున్నాడా. రేడియోలో గొంతు ఎట్లుండె, భయపడ్డట్టు ఉండెనా. ప్రతిదానికీ ఆయన ఆలోచించి చెప్పారు. తెలియనిదానికి తెలియదన్నారు. గొంతు గురించి అడిగినప్పుడు, "అవునమ్మా, భయపడ్డాడు" అన్నారు. ఆవిడ తల ఊపింది.

"ఎట్ల పోయిన్రో చూపెట్టు."

మధ్యలో ఉన్న బల్ల మీది పేపర్లు ఆయన పక్కకి జరిపారు. రెండు అరచేతులూ గాల్లోకి ఎత్తారు. కుడిచెయ్యి ముందు, ఎడమచెయ్యి కాస్త వెనగ్గా.

"ఇది నేను. ఇది వాడు."

చేతులు బల్ల అంచు మీదుగా కిందికి వంగి వచ్చాయి. చెట్ల కొమ్మలంత ఎత్తులో అన్నారు. బల్ల మధ్యకి వచ్చి లేచాయి. గుండ్రంగా తిరిగి మళ్ళీ వచ్చాయి. ఎనభైకి దగ్గరపడ్డ చేతులు ఎక్కడా తడబడలేదు. వెనక చెయ్యి ముందు చేతిని అంటిపెట్టుకున్నట్టే కదిలింది.

"ఇక్కడ నన్ను పిలిచాడు."

ఎడమచెయ్యి ఆగిపోయింది. కుడిచెయ్యి మాత్రం ముందుకి సాగి, బల్ల దాటి, ఆయన మోకాలి మీద వాలింది. ఇల్లు చేరింది.

ఎడమచెయ్యి గాల్లోనే ఉంది. ఆయన దాని వైపు చూస్తున్నారు. కిందికి దించాలో, అలాగే ఉంచాలో ఆయనకి తెలియలేదు. చూడలేదు కదా. వేళ్ళు సన్నగా వణకడం మొదలైంది, తర్వాత మణికట్టు, తర్వాత మోచెయ్యి దాకా. దించలేదు.

సలోమి టీచర్ ముందుకి వంగింది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"దించు అన్నా" అంది. "ఎంతసేపని ఎత్తి పట్టుకుంటవ్. నొప్పి పుడ్తది. దించు."

మెల్లగా, తనే, బల్ల మీదికి దించింది. పైన తన అరచెయ్యి వేసి ఉంచింది. టీ కప్పులు తెచ్చిన ఆంటీ, బల్ల మీద ఎక్కడ పెట్టాలో తెలియక, పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.